స్కోడా వీఆర్ఎస్ బండ్లవాళ్ళూ జాగ్రత్త: బిల్లులో 5డబ్ల్యూ-40, ఇంజిన్‌లో డ్రమ్ములోని డీజిల్ ఆయిల్

హైదరాబాద్‌లో స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్‌లు, ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐలు లాంటి స్పోర్ట్స్ బండ్లు వరసగా నిలబడి ఉండే ఆ మల్టీబ్రాండ్ గ్యారేజీ ఏదో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. పేరు రాయను. అక్కడ ఆయిల్ మార్పించుకోబోతుంటే ఆగండి. ఇప్పటికే మార్పించుకుని ఉంటే బండి బయటికి తీసే ముందు ఇది చదవండి.

బండి ఆక్టేవియా వీఆర్ఎస్ 245, అంటే 2020లో దేశం మొత్తానికి 200 మాత్రమే వచ్చిన కారు. జాబ్ కార్డు మీద రాయించింది: వీడబ్ల్యూ 502 00 అప్రూవల్ (స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ ఆయిల్‌కి ఇచ్చే ఆమోదం) ఉన్న, 5డబ్ల్యూ-40 అనే చిక్కదనం గ్రేడు ఫుల్లీ సింథటిక్, 5.7 లీటర్లు, కొత్త ఫిల్టరు. బిల్లులోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది, డబ్బూ దానికే తీసుకున్నారు. పోసింది మాత్రం మూలనున్న 210 లీటర్ల డ్రమ్ములోంచి చేతిపంపుతో మగ్గులోకి కొట్టిన 15డబ్ల్యూ-40, అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ప్రమాణాల్లో సీఐ-4 ప్లస్ రకం. లారీలకీ పాత డీజిల్ బండ్లకీ పోసే ఆయిల్ అది. 5.7 లీటర్లు పోయాలంటే ఒక 5 లీటర్ల డబ్బా, ఒక 1 లీటరు డబ్బా పక్కన కనిపించాలి. ఒక్కటీ లేదు.

ఇదేంటని అడిగితే సర్వీస్ అడ్వైజర్ తడుముకోనైనా లేదు. “రెండూ ఫార్టీయే కదా సార్. మన ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు, ఇదే మంచిది.” అప్రూవల్ మాట ఎత్తితే, “అవన్నీ కంపెనీలు డబ్బాలు అమ్ముకోడానికి రాసుకునేవి” అన్నాడు. బిల్లు ముందు పెడితే, సిస్టమ్‌లో ఐటమ్ అలాగే ఎక్కించి ఉందట! ఓనర్‌ని పిలిపిస్తే ఆయన వచ్చి అన్న మాట: “నాలుగు ముక్కలు చదివొచ్చి మాకు నేర్పుతారా? అంత అనుమానం ఉన్నవాళ్ళు షోరూమ్‌కే పోవాలి.” డబ్బు వాపసు అడిగితే, పోసిన ఆయిల్ వెనక్కి తీసుకోరట. పొరపాటున వేరే ఆయిల్ పోశామని ఒక్క ముక్క అని, దించేసి సరైనది పోసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. వాళ్ళకది పొరపాటు కాదు, రోజూ చేసే పని. అందుకే రాస్తున్నాను, ఎందుకంటే ఆ డ్రమ్ములోంచి ఇంకెన్ని బండ్లకి పోశారో తెలియదు.

“రెండూ ఫార్టీయే” అన్న ఆ మాటతోనే ఎండల వాదన కూలిపోతుంది. ఆయిల్ గ్రేడులు నిర్ణయించే ఎస్ఏఈ సంస్థ లెక్కలో చివరి 40 అంటే 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలని. 5డబ్ల్యూ-40కీ 15డబ్ల్యూ-40కీ అదే హద్దు. వేడెక్కాక రెండూ దాదాపు ఒకే చిక్కదనంలో ఉంటే ఇక 15డబ్ల్యూ ఎండకి చేసే అదనపు మేలేమిటి? పైగా ఆయిల్ వేడిని నిలబెట్టేది థర్మోస్టాటూ ఆయిల్ కూలరూ. బయట 42 డిగ్రీలున్నా 18 ఉన్నా మామూలు నడకలో ఆయిల్ 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, గట్టిగా తోలితే 110, 120కి పోతుంది.

తేడా పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వస్తుంది. డబ్ల్యూ ముందున్న అంకె చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వీఆర్ఎస్‌లో ఉండే ఈఏ888 ఇంజిన్‌లో టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద నిలబడుతుంది. వాల్వ్ టైమింగ్ మార్చే అడ్జస్టర్లూ అంతే. టర్బో షాఫ్టు తిరిగేది ఆయిల్ పొర మీదే. చిక్కటి ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమైతే ఆ కాసేపూ చైన్ గరగరమనొచ్చు. చలికాలం పొద్దున మన ఊళ్ళోనూ అది వినిపించొచ్చు.

అంతకంటే పెద్ద ప్రమాదం గ్రేడులో కాదు, ఆయిల్‌లో కలిపిన మందుల్లో ఉంది. ఈ బండికి 370 న్యూటన్ మీటర్ల టార్క్ 2,000 ఆర్‌పీఎం లోపే వస్తుంది. పెద్ద గేర్‌లో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు స్పార్కు పడకముందే సిలిండర్‌లో మంట రేగే అవకాశం ఉంటుంది. దాన్నే ఎల్ఎస్‌పీఐ అంటారు. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే అది పెరుగుతుంది, డీజిల్ ఆయిల్‌లో ఉండేది అదే. ఒక్క దెబ్బ గట్టిగా తగిలితే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోవచ్చు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్ ప్రమాణంలో దీనికోసమే ప్రత్యేకంగా పరీక్ష పెట్టారు. సీఐ-4 ప్లస్‌కి అలాంటి పరీక్ష లేదు.

చిక్కటిదే మంచిదన్నా తప్పే, పల్చటిదే మంచిదన్నా తప్పే. 8,000 ఆర్‌పీఎం దాటి తిరిగే బీఎండబ్ల్యూ ఈ92 ఎం3 వీ8కి కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ-60. కొన్నేళ్ళ కిందటిదాకా ఫోర్డ్ మస్టాంగ్ 5.0 వీ8కి 5డబ్ల్యూ-20. నిస్సాన్ జీటీ-ఆర్‌కి 0డబ్ల్యూ-40. మూడూ స్పోర్ట్స్ కార్లే. బేరింగుల సందు, ఆయిల్ పంపు, ఆయిల్ ఎక్కే వేడి చూసి ఆ ఇంజిన్ కట్టినవాళ్ళు తేల్చిన లెక్కలవి. మన వీఆర్ఎస్‌కి వీడబ్ల్యూ 502 00 గానీ 504 00 గానీ అప్రూవల్ ఉన్న ఆయిలే. 508 00 అని పచ్చటి రంగులో వచ్చే 0డబ్ల్యూ-20 ఉంది, అదీ ఫోక్స్‌వ్యాగన్‌దే కదా అని పోయించకండి. దాన్ని ఒప్పుకున్న ఇంజిన్లు వేరు.

ఆ ఆయిల్ పోసి ఉంటే కంగారు పడకండి, నాలుగు రోజులు తిరిగినంత మాత్రాన ఇంజిన్ పోదు. మార్పించేదాకా తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కకండి, గేర్ దించి తోలండి. ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించి, ఫిల్టరు కూడా మార్పించండి. బోనెట్ ఎత్తగానే పైనే కనిపించే నల్లటి మూత కిందే ఉంటుంది ఫిల్టరు. 32 ఎంఎం సాకెట్‌తో తీసి, బిగించేటప్పుడు 25 న్యూటన్ మీటర్లు. ఫిల్టరు డబ్బాలో కొత్త ఓ-రింగు వస్తుంది, పాతది అలాగే ఉంచితే కారుతుంది. ఎంత దించినా పాతది కొంత లోపల మిగులుతుంది కాబట్టి ఆ తర్వాతి మార్పు 5,000 కిలోమీటర్లకే చేయించండి.

దించిన ఆయిల్‌లో ఒక 200 మిల్లీలీటర్లు శుభ్రమైన సీసాలో పట్టి ఉంచండి. ల్యాబ్‌లో కాల్షియం, జింకు, చిక్కదనం చూస్తే ఏ తరహా ఆయిలో తేలిపోతుంది. జాబ్ కార్డు, బిల్లు, డ్రమ్ము లేబుల్ ఫొటో పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేయొచ్చు.

ఇంకో మాట. డబ్బా మీద “వీడబ్ల్యూ 502 00 అప్రూవల్” అని సూటిగా ఉండాలి. “ఆ ప్రమాణానికి తగినది” అని రాసి ఉంటే అది కంపెనీ ఇచ్చిన అప్రూవల్ కాదు, ఆయిల్ అమ్మేవాడు తనకు తాను చెప్పుకున్నది. సీలు మీ ముందే తీయించండి, ఖాళీ డబ్బాలు మీరే తెచ్చుకుని కోసి పారేయండి. వదిలేసి వస్తే అవే డబ్బాల్లో లూజు ఆయిల్ నింపి ఇంకొకరికి అంటగడతారు.