మెత్తని పానా: బెరీలియం రాగి పనిముట్లతో పదకొండేళ్లు

మందుగుండు ఉన్న షెడ్డులో ఉక్కు పానా ఎందుకు పనికిరాదో ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. సైజులు, ధరలు కూడా ఎవరి జాబితా వారి దగ్గర ఉంటుంది. నేను రాయదలచుకున్నది నిప్పురవ్వ రాల్చని ఈ బెరీలియం రాగి పనిముట్ల ఒకే ఒక్క గుణం గురించి: ఆ లోహం మెత్తదనం గురించి. తూర్పు తీరంలోని ఒక మందుగుండు డిపోలో ఫిట్టరుగా 2008 నుంచి 2019లో పదవీ విరమణ చేసేదాకా ఒకే రకం సెట్లు వాడాను. పానాలు, ఒక సుత్తి, రెండు గీకుడు పలకలు, ఒక స్క్రూడ్రైవర్. ఆ మెత్తదనం ఒకసారి నన్ను ఆపి కాపాడింది. తరవాత అదే మెత్తదనం నా చేత చేయించిన పని తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మా పని గుండ్లు తయారు చేయడం కాదు. ఏళ్ల తరబడి నిల్వలో ఉన్నవాటిని బయటకు తీసి, తుప్పు గీకి, రంగు వేసి, వాటి మీద ఉన్న అక్షరాలు మళ్లీ అచ్చు వేసి, పుచ్చిన పెట్టెలు మార్చి తిరిగి పేర్చడం. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కోటి 43 కిలోలకు పైగా తూగుతుంది. సముద్రపు గాలికి రంగు కింద తుప్పు పొక్కులు లేస్తాయి. అంతకుముందు మాకిచ్చిన ఇత్తడి పలకలు ఆ పొక్కుల మీద రెండు పూటలు తిరగకుండానే అంచు వంగిపోయేవి. బెరీలియం రాగి పలక వారం పాటు పదునుగా నిలిచింది. కింద ఉన్న మంచి లోహాన్ని మాత్రం గీరలేదు. తుప్పు పొరలా లేచి వచ్చేది, గుండు ఒళ్లు నునుపుగా మిగిలేది. ఈ ఒక్క పనికి ఆ పలకను ఎంత మెచ్చుకున్నా తక్కువే. సుత్తి కూడా మంచిదే. ఉక్కు సుత్తిలా కంగుమని మోగదు, దెబ్బ మెత్తగా దిగుతుంది, సాయంత్రానికి మణికట్టు లాగదు. స్క్రూడ్రైవర్ మాత్రం పనికిరాలేదు, ఏడాది తిరగకుండానే మొన మెలిపడిపోయింది.

ఉక్కును ఉక్కుతో కొడితే ఊడిన చిన్న రజను రాపిడికి ఎర్రగా కాలి, గాలి తగలగానే మండుతుంది. ఆ మండే ఇనుప రజనునే మనం నిప్పురవ్వ అంటాం. రాగిలో సుమారు రెండు శాతం బెరీలియం కలిపి కాచిన ఈ లోహం గట్టితనం కొలిచే రాక్‌వెల్ సి కొలతలో 35 నుంచి 40 దాకా గట్టిపడుతుంది. రాగి జాతిలో అది చాలా ఎక్కువే. అయినా ఉక్కు పానా కన్నా మెత్తనే. వేడిని త్వరగా లాగేసుకుంటుంది, ఊడిన రజను మండదు. కొత్తలో బంగారం రంగులో మెరుస్తుంది, రెండు వానాకాలాలు గడిచేసరికి బెల్లం రంగుకు తిరుగుతుంది. తుప్పు అనే మాటే లేదు. అయస్కాంతం కూడా అంటుకోదు. అందుకే ఉక్కు దగ్గరకు వస్తే పేలే అయస్కాంత మైన్ల దగ్గర పనిచేసే నావికా దళాల వాళ్లకు ఈ లోహమే కావాలి. మేము కూడా కొత్త సెట్టు వచ్చిన ప్రతిసారీ ముందు అయస్కాంతం పెట్టి చూసేవాళ్లం. రాగి పూత పూసిన ఉక్కు పానాలు కూడా ఇదే పేరుతో అమ్ముడవుతుంటాయి. పూత అరిగిన రోజు మిగిలేది ఉక్కే.

ఇక ఆ మెత్తదనం నన్ను ఆపిన రోజు సంగతి. 2013 మే నెల. ఎండకు షెడ్డు రేకులు టపటపమంటున్న మధ్యాహ్నం. ఒక వరసలోని గుండ్ల ముక్కు బిరడాలు విప్పి లోపలి మరలు చూడాలి. పదో పన్నెండో సాఫీగా వచ్చాయి. ఒకటి కదలలేదు. పానాకు బలం ఇచ్చాను, రాలేదు. నాతో ఉన్న కుర్రవాడు, అప్పటికి చేరి ఆరు నెలలు, "బాబాయ్, నేను కూడా పట్టుకుంటాను" అన్నాడు. ఇద్దరం కలిసి లాగాం. బిరడా తిరగలేదు, పానా నోరే విచ్చుకుంది. రెండు దవడల మధ్య వేలి గోరు పట్టేంత సందు వచ్చింది. నాకు విసుగు పుట్టింది. పనిముట్టు పాడైందని ఫోర్‌మన్‌ను పిలిచాను.

ఆయన పానా వంక చూడనే లేదు. వంగి, నూలు పీచుతో బిరడా చుట్టూ తుడిచి నాకు చూపించారు. పీచు మీద గోధుమరంగు నూనె మరక. గుండులో నింపిన టీఎన్‌టీ అనే పేలుడు మందు కరగడానికి దాదాపు 80 డిగ్రీలు కావాలి. అందులో ఉండే మలినాలకు అంత వేడి అక్కరలేదు. ఎండల్లో అవి మెత్తబడి, మందులోంచి ఊరి, మరల సందుల్లోకి చేరతాయి. అక్కడ ఆరిపోయిన మందు మీద బలవంతంగా మర తిప్పడమంటే మందును రెండు ఉక్కు గోడల మధ్య పెట్టి నూరడమే. ఆయన మాట్లాడకుండా మమ్మల్నందరినీ బయటకు పంపారు. గుండు చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు, పేలుడు పదార్థాలను ధ్వంసం చేసే దళం వచ్చి దాన్ని తీసుకుపోయింది.

ఉక్కు పానా అయితే నోరు విచ్చుకునేది కాదు. ఇద్దరి బలం నేరుగా ఆ మరల మీద పడేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు నుంచి కొత్తగా చేరిన ప్రతివాడికీ నేనే చెప్పేవాణ్ని: "ఈ పానా చేతిలో ఉంటే భయం లేదు." మూడేళ్ల తరవాత, 2016 మే నెలాఖరులో, మహారాష్ట్రలోని పుల్గావ్‌లో ఉన్న కేంద్ర మందుగుండు డిపో అగ్ని ప్రమాదం వార్త చదివిన రోజు ఆ మాట ఇంకా గట్టిగా చెప్పాను.

ఇప్పుడు ఆ మాట అలా చెప్పను. నిప్పురవ్వ రాదన్న మాట పానాకు మాత్రమే వర్తిస్తుంది. బిరడా ఉక్కే, గుండూ ఉక్కే, వాటి మధ్య రాపిడిని పానా ఆపలేదు. పానా మెత్తని నోటిలో ఇసుక రేణువో ఇనుప రజనో దిగబడి ఉంటే దానికే రవ్వ రావచ్చు, రోజూ తుడవక తప్పదు. ఒంట్లో చేరే స్థిర విద్యుత్తుకూ పానాకూ సంబంధం లేదు. దానికి నూలు బట్టలు, మేకులు లేని బూట్లు, లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర రాగి పలక తాకడమే దారి. లెడ్ ఎజైడ్ అనే సున్నితమైన పేలుడు మందు నింపిన డిటొనేటర్ల (పేలుడును మొదలుపెట్టే చిన్న గొట్టాల) దగ్గర అయితే రాగి ఉన్నదేదీ పెట్టకూడదు. వాటికి అల్యూమినియం గొట్టం వాడేది అందుకే. తేమ చేరితే ఎజైడు రాగితో కలిసి కాపర్ ఎజైడ్‌గా మారుతుంది, అది ఇంచుమించు తాకితే పేలేంత సున్నితం. గుండును దూరంగా విసిరే సంచి మందుల అడుగున కుట్టే తుపాకి మందు దగ్గర మాత్రం ఈ పనిముట్లకు సాటి లేదు. ఆ మందుకు ఒక్క రవ్వ చాలు.

నోరు విచ్చుకున్న ఆ పానా సంగతికి వస్తాను. కొత్తది కావాలని రాస్తే వచ్చేసరికి నెలలు పడుతుంది. ఈ లోహం ఖరీదైనది, అల్యూమినియం కంచు పానాకు అప్పట్లో మేము పెట్టిన ధరకు ఇది దాదాపు రెండింతలు. పారేయడానికి మనసు ఒప్పలేదు. అది నన్ను కాపాడిన పానా కూడాను. ప్రమాద ప్రాంతానికి బయట ఉన్న ఫిట్టర్ల గదికి పట్టుకెళ్లి, వైస్‌లో బిగించి దవడలు దగ్గరకు నొక్కాను. తరవాత గ్రైండర్ మీద లోపలి అంచులు సాపు చేశాను. గ్రైండర్ మీద కూడా రవ్వలు రాకపోవడం చూసి ముచ్చటపడ్డాను. కుర్రవాణ్ని దగ్గరకు పిలిచి, "చూడు, ఒక్క రవ్వ లేదు" అని చూపించాను. సన్నటి పొడి గాలిలో తేలింది. వాడు మొహం దగ్గరగా పెట్టి చూశాడు. ఇద్దరికీ మూతికి గుడ్డ లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ రోజు నుంచి అది నాకు అలవాటైంది. సుత్తి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే గ్రైండర్. పలక పదును పోతే ఆకురాయి. పానా నోరు గుండ్రబడితే మళ్లీ గ్రైండర్. మెత్తని లోహం కనుక త్వరగా అరుగుతుంది, అరిగినప్పుడల్లా సాన పట్టాలి. నాలుగేళ్లు అలాగే చేశాను. పని పూర్తయ్యాక బల్ల మీద పొడిని నోటితో ఊదేవాణ్ని.

2017లో మరో చోటి నుంచి తెప్పించిన సెట్టు వచ్చింది. పెట్టెలో పలు భాషల్లో అచ్చువేసిన చిన్న కాగితం ఒకటి ఉంది. ఇంగ్లీషులో ఉన్న భాగం చదివాను. ఈ పనిముట్లను పొడిగా అరగదీయకండి, సాన పట్టకండి, పొడిని పీల్చకండి, ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని కలుగుతుంది అని ఉంది. మూడుసార్లు చదివాను. పాత సెట్టు పెట్టె ఇంకా గూట్లోనే ఉంది. తీసి నాలుగు వైపులా చూశాను. "రవ్వలు రావు" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. పొడి గురించి ఒక్క ముక్క లేదు.

నా కోపం అంతా దాని మీదే. బెరీలియం సంగతి కొత్తగా తెలిసినదేమీ కాదు. దాని పొడి పీల్చిన కొందరిలో ఊపిరితిత్తులలో చిన్న చిన్న గడ్డలు కట్టి, ఏళ్ల తరవాత ఆయాసంగా బయటపడే జబ్బు గురించి గత శతాబ్దం నడిమి నుంచే వైద్యులు రాస్తున్నారు. అమెరికాలో కార్మికుల రక్షణ శాఖ ఘనపు మీటరు గాలిలో బెరీలియం పరిమితిని రెండు మైక్రోగ్రాముల నుంచి 0.2 మైక్రోగ్రాములకు తగ్గించింది కూడా అదే 2017లో. పానాను చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. రోజంతా వాడినా ఏమీ కాదు. పొడి చేస్తేనే ప్రమాదం. ఈ ఒక్క వాక్యం పెట్టె మీద తెలుగులోనో హిందీలోనో వేయడానికి ఎంత ఖర్చవుతుంది? మెత్తని పనిముట్టు అమ్మేవాడికి అది అరుగుతుందని తెలుసు. అరిగితే ఫిట్టరు ఏం చేస్తాడో కూడా తెలిసే ఉండాలి. ఫిట్టరు చేసేది ఆ పనే.

ఆ వారమే పాతవన్నీ స్టోర్లో అప్పగించాను. ఆ గ్రైండర్ చుట్టూ ఉన్న గదిని తడిగుడ్డలతో తుడిపించాం, చీపురు వాడలేదు. ఏటా ఒకసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించుకుంటున్నాను. ఇప్పటిదాకా డాక్టరు అనుమానించదగ్గది ఏదీ కనబడలేదు. రక్తకణాలు బెరీలియానికి స్పందిస్తున్నాయో లేదో చెప్పే పరీక్ష ఒకటుంది. మా ఊళ్లో అది దొరకలేదు. నా వయసు అరవై దాటింది, నా సంగతి ఎలా ఉన్నా సర్దుకుంటాను. ఆ కుర్రవాడి మొహం గ్రైండర్ దగ్గర వంగడం మాత్రం మరిచిపోలేకపోతున్నాను. వాడి చేత కూడా పరీక్షలు చేయించాను, వాడికీ ఏమీ లేదన్నారు.

మరి ఈ పనిముట్లు కొనాలా అని అడిగితే నా జవాబు మీరు చేసే పనిని బట్టి మారుతుంది. సుత్తి, పలక రోజంతా వాడే చోట అల్యూమినియం కంచు తీసుకోండి. ఇంకా మెత్తగా ఉంటుంది, త్వరగా అరుగుతుంది, అయినా బెరీలియం ఉండదు, ధరా తక్కువ. బిగువైన నట్లు విప్పే పానాలకు, అయస్కాంతం పనికిరాని చోటికి బెరీలియం రాగే కావాలి. పోతపోసినది వద్దు, కొట్టి చేసినది అడగండి. మా దగ్గర పోత పానాలు ఏడాది తిరక్కుండానే నోళ్లు విచ్చుకున్నాయి. అరిగినదాన్ని మార్చి కొత్తది వెంటనే ఇచ్చే స్టోరు లేకపోతే మాత్రం ఎంత మంచి సెట్టు అయినా మీ షెడ్డులోకి రానివ్వకండి. మాది ఉప్పుగాలి డిపో, తుప్పు గీకే పని ఎక్కువ, అందుకే నాకు అరుగుదల అంత కనబడింది. పొడి వాతావరణంలో పెట్టెలు మార్చడమే ముఖ్యమైన పనిగా ఉన్నవాళ్లకు ఈ బాధ ఇంత ఉండకపోవచ్చు.

కుర్రవాడు ఇప్పుడు వంటగ్యాసు నింపే ప్లాంటులో పనిచేస్తున్నాడు. అక్కడా ఇవే పానాలు. కిందటి సంక్రాంతికి ఇంటికి వచ్చి, "బాబాయ్, ఏ సెట్టు తెప్పించమంటావు?" అని అడిగాడు. పైన రాసినదే చెప్పాను. వెళ్లిన వారానికి ఫోను చేశాడు. తమ వర్క్‌షాపులో గ్రైండర్ పక్క గోడ మీద ఎర్ర రంగుతో తనే రాశాడట: "రాగి పానాలు ఇక్కడ సాన పట్టరాదు. నోరు విచ్చుకుంటే స్టోరులో ఇవ్వండి." అక్షరాలు ఎంత ఎత్తు రాశావని అడిగాను. జానెడు అన్నాడు. ఇంకొంచెం పెద్దగా రాయమన్నాను.