ఎస్కులేపియన్ పాము, నాలుగు చారల పాము: ఒక పోలిక

మన జెర్రిపోతుకు దూరపు బంధువులైన ఈ రెండు విషరహిత సర్పాలూ ఐరోపాలోని అతి పొడవైన పాములలో చేరతాయి; రెండూ ఎరను చుట్టలతో బిగించి చంపుతాయి.

1768లో ప్రకృతి శాస్త్రవేత్త లౌరెంటి వర్ణించిన ఎస్కులేపియన్ పాము సన్నగా, నున్నని పొలుసులతో, ఆకుపచ్చ కలిసిన గోధుమ వన్నెలో మెరుస్తుంది. పొట్ట అంచున కోణంగా వంగిన పొలుసుల పట్టుతో అది నిటారైన మానును సైతం ఎక్కగలదు. పిల్లల మెడపై పసుపు మచ్చలుండడం వల్ల వాటిని గడ్డిపాము పిల్లలని పొరబడుతుంటారు. ఫ్రాన్స్ నుంచి ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ల దాకా అడవి అంచులలో నివసించే ఈ పాము కొత్త చోట నిలదొక్కుకోవడంలో నిజంగా మేటి: వేల్స్‌లోని కొల్విన్ బే జంతుప్రదర్శనశాల నుంచి 1970లలో తప్పించుకున్నవాటి సంతతి నేటికీ అక్కడ స్వేచ్ఛగా బతుకుతోంది.

నాలుగు చారల పాము మరింత బరువైనది, చూపుకు గంభీరమైనది, అయితే ఇటలీ, బాల్కన్ ప్రాంతాల వెచ్చదనానికే పరిమితమైనది. మచ్చలతో పుట్టే పిల్లలు పెరిగేకొద్దీ ఆ మచ్చలు మాసి, ఒంటి పొడవునా నాలుగు ముదురు చారలు తేలతాయి. పక్షుల గుడ్లు దానికి ప్రీతిపాత్రమైన ఆహారం. ఇటలీలోని కొకుల్లో గ్రామంలో మే 1న సెయింట్ డొమినిక్ విగ్రహాన్ని పాములతో అలంకరించి ఊరేగించినప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే. ఉత్సవం ముగిశాక వాటిని తిరిగి అడవిలో వదిలేస్తారు.