పెరటి చెట్టుకు ఊయల: నాలుగు రకాలు వాడాక నా మాట

మాది చంద్రగిరి దగ్గర. ఇంటి వెనక రెండు మామిళ్లు, ఒక చింత, ఒక నేరేడు, గోడవారగా ఒక మునగ ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరేస్తుంటే మొదటి ఊయల కట్టాను, అప్పుడు పెద్దోడికి ఏడేళ్లు, చిన్నదానికి నాలుగు. అప్పటినుంచి ఇప్పటిదాకా నాలుగు రకాలు వాడాం. ఒక కొమ్మ విరిగింది, ఒక తాడు తెగింది, మా బావమరిది నడుం పట్టుకుని వారం తిరిగాడు.

ఊయల కొనేటప్పుడు అందరూ చూసేవే నేనూ చూశాను. పలక, రంగు, ఎన్ని కిలోలు మోస్తుందని రాశారు, ఇవే. చెట్టు వైపు మాత్రం చూడలేదు. ఉన్న చెట్టును బట్టి ఊయల ఎంచుకోవాలని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

మొదటిది పైసా ఖర్చు లేనిది. మూలన పడున్న కొబ్బరి మోకు, పాత తలుపు చెక్క, బెంగళూరా మామిడి కొమ్మ. ఎండాకాలమంతా బ్రహ్మాండంగా ఊగారు. మా ఆవిడది తెనాలి వైపు, వాళ్లకి అట్లతద్దికి ఉయ్యాల ఊగడం తప్పనిసరి. అట్లతద్దేమో ఆశ్వయుజ బహుళ తదియ, అంటే మనకి ఈశాన్య వానలు మొదలయ్యే రోజులు. వానకు నాని ఎండి నాని ఎండి ఆ మోకు లోపల కుళ్లింది, పైకి మాత్రం గట్టిగానే కనిపించింది. పండక్కి వచ్చిన బావమరిది "బావా, ఇది ఆగుతుందా?" అని అడిగాడు, "ఏనుగు ఎక్కినా ఆగుతుంది" అన్నాను. మూడో ఊపుకే తెగింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు ఏనుగు ఎట్లా ఉందని అడుగుతాడు.

తాడు సంగతి ఇక్కడే చెప్పేస్తా. పీచు తాడు బయట వద్దు. పసుపు, నీలం రంగుల్లో చవగ్గా దొరికే ప్లాస్టిక్ తాడు మన ఎండకు ఏడాది తిరిగేసరికి చేత్తో నలిపితే పొడి రాలుతుంది. నైలాన్ గట్టిదే, కానీ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, పొద్దున మోకాలి ఎత్తున కట్టిన పలక సాయంత్రానికి పిల్లల కాళ్లు నేలకు రాసుకునేంత దిగింది. పాలిస్టర్ తాడు ధర ఎక్కువే, అయినా ఎండకీ వానకీ నిలబడింది అదే. ఇంకో మాట, ముడి వేసిన చోట తాడు బలం దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి కొట్టువాడు చెప్పే కిలోలను నమ్ముకోవద్దు. పైగా ఊగేటప్పుడు బరువు పెరుగుతుంది. అరవై డిగ్రీల దాకా వెనక్కి లాగి వదిలితే కిందికొచ్చేసరికి తాడు మీద రెట్టింపు పడుతుంది, 78 కిలోల నేను కూర్చుంటే 156 కిలోలన్నమాట.

రెండోది టైరు. లారీ టైరు తేబోయి దాని బరువు చూసి కారు టైరుతో వచ్చాను. అవ్వ మాత్రం ఊంజలంటే గొలుసులుండాల్సిందేనంది, తిరుమలలో స్వామివారి ఊంజల్ సేవ చూసిన కళ్లు మరి. సరేనని వెల్డింగ్ షాపులో గొలుసు కొన్నాను. ఇంటి లోపల ఊంజలకు గొలుసు బాగుంటుందేమో గానీ పెరట్లో మే నెల మధ్యాహ్నం పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, లింకుల మధ్య చిన్నదాని వేలు నలిగింది కూడా. టైరులో వాన నీళ్లు నిలిచి దోమలు పెట్టాయి. కింద నాలుగు బెజ్జాలు వేశాక ఆ బాధ తప్పింది. ఒక్క చోట కట్టింది కాబట్టి అన్ని వైపులకీ తిరుగుతుంది, పిల్లలకి అదే సరదా, మనకి అదే టెన్షన్, ఎందుకంటే మాను వైపు కూడా వెళ్లి కొట్టుకుంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుండి చుట్టూ బాగా ఖాళీ ఉంటేనే టైరు.

కొమ్మ విరిగింది ఆ టైరు ఉన్నప్పుడే. 2021 నవంబరు వానలు తిరుపతి వాళ్లెవరూ మర్చిపోరు. ఆ వానలకు ఒక రాత్రి మామిడి కొమ్మ టైరుతో సహా కింద పడింది. దేవుడి దయ, రాత్రి పూట. పొద్దున చూస్తే కొమ్మ లోపల పురుగు తొలిచిన సొరంగాలు. నెలల ముందునుంచీ చెట్టు కింద రంపపు పొట్టులాంటిది రాలుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. పైగా గొలుసు చుట్టిన చోట బెరడు నలిగి, గొలుసు సగం లోపలికి దిగిపోయి ఉంది. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు గుండానే కిందికి దిగుతుంది, చుట్టూ బిగిస్తే కొమ్మ గొంతు పిసికినట్టే.

మిగిలిన చెట్లు చూశాను. మునగ గురించి చెప్పేదేముంది, మనిషిని పొగిడి పడేయడాన్ని మునగచెట్టు ఎక్కించడం అంటాం కదా. నేరేడు పైకి లావుగా ఉంటుంది గానీ పెళుసు, చెప్పకుండా విరుగుతుంది. మిగిలింది చింత. చింతచెట్టు మీద దయ్యాలుంటాయని అవ్వ గునిసింది, పగలు మాత్రమే ఊగుతామని ఒప్పించాం.

మూడోది ఆన్‌లైన్‌లో తెప్పించిన గుండ్రటి వల ఊయల, 3,200 రూపాయలు. కొమ్మకు వెడల్పాటి పాలిస్టర్ బెల్టులతో కట్టాను, బెల్టు వెడల్పుగా ఉంటే బెరడు కోసుకుపోదు, ఏడాదికోసారి విప్పి కాస్త జరిపితే చాలు. పిల్లలిద్దరూ అందులో పడుకుని పుస్తకాలు చదివేవాళ్లు, నా లెక్కలో చిన్నపిల్లలకి ఇంతకంటే మంచిది లేదు, పడిపోయే భయం తక్కువ. రింగు చుట్టూ ఉన్న స్పాంజిని మాత్రం ఉడుతలు గూళ్లకు పీక్కుపోయాయి, మిగిలింది ఎండకు రాలింది. మూడో ఏడాది వల కుట్లు వదిలాయి. ఇంతలో పెద్దోడికి నిలబడి ఊగాలనే వయసొచ్చింది, వలలో అది కుదరదు.

అందుకే ఇప్పుడు మళ్లీ పలక ఊయలే, కానీ ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని కట్టించాను. కొమ్మ చుట్టూ దారం పెట్టి కొలిస్తే కనీసం 25 అంగుళాలు రావాలి, అంటే అడ్డంగా 8 అంగుళాల మందం. మానుకు మూడునాలుగు అడుగుల దూరంలో, రెండు తాళ్లూ ఒకే కొమ్మకు. రెండు కొమ్మలకు కడితే గాలికి అవి వేర్వేరుగా కదిలి పలక మెలికలు తిరుగుతుంది. వడ్రంగి కొమ్మలోకి పైనుంచి కిందికి రంధ్రాలు వేసి తుప్పు పట్టని కొక్కెం బోల్టులు దించాడు, చింత కట్టె గట్టిదనానికి డ్రిల్లు బిట్లు రెండు విరిగాయి, వాటి డబ్బులూ నా దగ్గరే తీసుకున్నాడు. చెట్టుకు గాయమని అవ్వ బాధపడింది గానీ, ఒక్క రంధ్రం చుట్టూ చెట్టు కొత్త కట్టె పెంచుకుంటుంది, చుట్టూ బిగించిన తాడే దానికి ఎక్కువ చెరుపు. కింద ఎర్రమట్టి రాయిలాగా ఉంటే స్వర్ణముఖి ఇసుక పోయించాను. పిల్లుల సంగతి అడక్కండి.

తాడు పొడవు కూడా చూసుకోండి. పొడుగు తాడు నెమ్మదిగా, పెద్దగా ఊగుతుంది, మా మూడు మీటర్లదానికి పోయి రావడానికి మూడున్నర సెకన్లు. నాలుగేళ్ల పిల్లలకి పొట్టి తాడే సుఖం. ముందూ వెనకా గోడ, బావి, బట్టలారేసే తీగ లేకుండా చూసుకోవాలి, మా తీగ పీకేసినందుకు మా ఆవిడ ఇంకా సాధిస్తోంది.

మొన్న చూస్తే కుడివైపు తాడుకు ముడి దగ్గర నూగు లేచింది. అట్లతద్దికి బావమరిది వస్తానన్నాడు, ఈలోపు మార్చాలి.