నీళ్లు: దాహం వేస్తే తాగాలా, లెక్క పెట్టుకుని తాగాలా?

బరువు తగ్గాలనుకునేవాళ్లు ముందుగా పట్టుకునేది లీటర్ల లెక్క. మూడని ఒకరంటే నాలుగని ఇంకొకరు. బరువు మీద పనిచేసేది మాత్రం ఎప్పుడు తాగాం, దేనికి బదులు తాగాం అన్న రెండే. ఒంటికి ఎంత కావాలన్నది వేరే లెక్క.

ఆ లెక్కే ముందు చూద్దాం. రోజుకు ఎనిమిది గ్లాసులు తాగాలన్న మాటకు మూలం 1945లో అమెరికా ఆహార, పోషకాహార మండలి ఇచ్చిన సూచన అంటారు. తినే ఒక్కో కేలరీకి ఒక మిల్లీలీటరు, అంటే రోజుకు రెండున్నర లీటర్లు. ఇందులో చాలాభాగం తిండిలోనే దొరుకుతుందని ఆ పక్కనే రాశారు. జనం అంతదాకా చదివినట్టు లేరు. 2010లో యూరప్ ఆహార భద్రతా సంస్థ మహిళలకు 2, పురుషులకు 2.5 లీటర్లు అంది, అదీ తిండిలోని నీటితో కలిపే. తిండి నుంచి సుమారు ఐదో వంతు వస్తుందనుకుంటే, తాగాల్సింది 1.6 నుంచి 2 లీటర్లు. టీ, కాఫీ, పాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

మరి దాహమా, లెక్కా? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువమందికి దాహమే మేలు. రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరగ్గానే మెదడు దాహం పుట్టిస్తుంది. ఇంత కచ్చితంగా ఏ ఫోన్ యాప్ చెప్పలేదు. లెక్క అవసరమయ్యేవాళ్లు వేరే ఉన్నారు. వయసు మళ్లినవాళ్లలో దాహం మందగిస్తుంది, వాళ్లు వేళ పెట్టుకుని తాగాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. ఒక రోజంతా కొలపాత్రలో పట్టి చూస్తే తాము తాగేది సరిపోతోందో లేదో తేలిపోతుంది. బాగా చెమట పట్టే పనిగానీ వ్యాయామంగానీ చేసేవాళ్లు ముందూ వెనకా బరువు చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకూ దాదాపు ఒక లీటరు పోయినట్టు. గుండె వైఫల్యం, ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం డాక్టరు చెప్పిన హద్దే హద్దు.

మూత్రం లేత ఎండుగడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టే. పొద్దున్నే వచ్చేది ఎలాగూ ముదురుగా ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి తేల్చొద్దు. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్న రోజు రంగు చూసి ప్రయోజనం లేదు. అందులోని రైబోఫ్లేవిన్ వల్ల మెరిసే పసుపు వస్తుంది.

ఇక బరువు సంగతి. అన్నిటికంటే లాభం తీపి పానీయం మానేసి నీళ్లు తాగడంలో ఉంది. 330 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్‌లో దాదాపు 35 గ్రాముల చక్కెర, 140 కేలరీలు ఉంటాయి. రోజుకు రెండు తాగేవాళ్లు మానేస్తే 280 కేలరీలు తగ్గుతాయి. చక్కెర కలపకపోయినా పండ్లరసం కూడా ఇంచుమించు ఇంతే. అసలు అలాంటివి తాగనివాళ్లకు ఈ లాభం ఎలాగూ లేదు. వాళ్లకు మిగిలేది భోజనానికి ముందు తాగే పద్ధతి.

పద్ధతి ఇది: తినడానికి అరగంట ముందు అర లీటరు, మూడు పూటలా. అమెరికాలో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో తక్కువ కేలరీల తిండి తింటూ 12 వారాలు ఇలా తాగిన నడివయసు, పెద్ద వయసువాళ్లు అదే తిండి తిన్న మిగతావాళ్లకంటే సుమారు 2 కిలోలు ఎక్కువ తగ్గారు. 2015లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ పరిశోధకులకు కనిపించిన తేడా 1.3 కిలోలు. గొప్పేమీ కాదు, కానీ ఖర్చూ లేదు. గంటన్నర ముందు తాగితే ఫలితం ఉండదు, ఆపాటికి కడుపు ఖాళీ అవుతుంది. ఒక్క గుక్కలో తాగితే కడుపు ఉబ్బరిస్తుంది కాబట్టి ఐదు పది నిమిషాలు తీసుకోవాలి. కుర్రవాళ్లలో కడుపు త్వరగా ఖాళీ అవుతుంది, అందుకే వాళ్లకు ఆకలి అంతగా తగ్గదు. అదే నీటిని సూప్‌గా ఉడికించి తాగితే మాత్రం కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది.

తింటూ తాగితే జీర్ణరసాలు పలచబడి అరగదన్న మాటలో పస లేదు. కడుపు అవసరాన్నిబట్టి ఆమ్లం ఊరిస్తుంది. పుల్లటి తేనుపులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లు మాత్రం కొద్దికొద్దిగానే తాగాలి.

చల్లటివా, వేడివా? 5 డిగ్రీల నీళ్లు అర లీటరు తాగితే, వాటిని 37 డిగ్రీలకు తేవడానికి ఒంటికి అయ్యే ఖర్చు 16 కేలరీలు. వేడినీళ్లు కొవ్వును కరిగించవు. ఏవి ఎక్కువ తాగగలిగితే అవి తాగండి.

ఎక్కువ తాగితే పోయేదేముంది అనుకోవద్దు. కిడ్నీలు గంటకు పంపగలిగేది దాదాపు ఒక లీటరే. అంతకు మించి గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసినవాళ్లలో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. తలనొప్పి, వాంతులు, తికమక దీని లక్షణాలు. ఇవి చూసి నీరసం అనుకుని ఇంకా నీళ్లు పడితే పరిస్థితి ముదురుతుంది. అప్పుడు నీళ్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.