బ్రైటన్‌లో భారతీయ సైనికుల జాడల నడక: వెళ్లండి, కంచె గురించి అడగండి

వెళ్లాలా వద్దా అని అడిగేవారికి ముందే చెబుతున్నాను: వెళ్లండి. కానీ గైడు చెప్పినదాన్ని విని తల ఊపి వచ్చేయకండి. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో వివరంగా రాస్తాను.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో ఒక చిన్న సంస్థ నడిపే యాత్ర ఇది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో, బెల్జియంలో గాయపడి ఇక్కడికి వచ్చిన భారతీయ సైనికుల గుర్తులు చూపిస్తారు. ఉదయం ఊళ్లో నడక, తర్వాత వ్యానులో పాచమ్ వరకు, అక్కడి నుంచి కొండల్లోకి మళ్లీ నడక. మనిషికి 30 పౌండ్లు. అప్పట్లో ఆస్పత్రిగా మారిన పాత రాజమహలు రాయల్ పెవిలియన్ లోపలికి టికెట్ మనమే కొనుక్కోవాలి. గుంపు చిన్నదిగా ఉంచుతారు, అది మంచి పద్ధతి. నేను ఈ దేశంలో ఆస్పత్రి వార్డుల్లో పనిచేసే నర్సును. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యను వెంట తీసుకెళ్లాను. మామయ్య సైన్యంలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి కాబట్టి, యూనిఫాం వేసుకున్నవాడిని జనం ఎలా చూస్తారన్న విషయం మీద ఆమెకు నాకంటే గట్టి అభిప్రాయాలున్నాయి.

గైడు ఉద్యోగ విరమణ చేసిన చరిత్ర మాస్టారు. గొంతు బాగుంటుంది, తేదీలు తడుముకోకుండా చెబుతారు. చెవిలో పెట్టుకోమని ఇచ్చిన యంత్రం మాత్రం బస్సు పక్కన పోయినప్పుడల్లా గరగరలాడింది. ఫొటోలన్నీ పోస్టుకార్డంత కాగితాల మీద అచ్చువేయించి చేతులు మార్చుతారు. చివర నిలబడ్డవారి దగ్గరికి వచ్చేసరికి మాట వేరే చోటికి వెళ్లిపోతుంది.

మొదటి అరగంట వృథా. నాలుగవ జార్జి రాజు విలాసాలు, ఆయన కోసం జాన్ నాష్ అనే వాస్తుశిల్పి ఈ గుమ్మటాల భవనాన్ని ఎలా పెంచాడు, ఎంత తిన్నారు, ఎంత తాగారు. ఇవన్నీ పెవిలియన్ గురించి రాసిన ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. పనికొచ్చిన ముక్క ఒక్కటే. విక్టోరియా రాణికి ఈ భవనం నచ్చక వదిలేస్తే, 1850లో ఊరి పాలకవర్గం 53 వేల పౌండ్లకు కొనుక్కుంది. అంటే 1914లో ఇది రాజుగారి ఇల్లు కాదు, మునిసిపాలిటీ ఆస్తి. అయినా గాయపడిన భారతీయ సిపాయిల కోసం అప్పటి చక్రవర్తి ఐదవ జార్జి తన సొంత మహలు ఖాళీ చేసి ఇచ్చాడన్న కథను బాగా ప్రచారం చేశారు. ఇంగ్లిషు, ఉర్దూ, గురుముఖిలో ఒక చిన్న పుస్తకం కూడా అచ్చువేశారు. వార్డుల ఫొటోలు పోస్టుకార్డులై అమ్ముడుపోయాయి. గైడు ఈ సంగతి దాచలేదు, అందుకు మెచ్చుకోవాలి.

ఆస్పత్రి వివరాల దగ్గర ఆయన నిజంగా బాగా చెప్పారు, నేనూ అక్కడే కదలకుండా విన్నాను. పెవిలియన్, పక్కనున్న డోమ్, కార్న్ ఎక్స్ఛేంజ్ కలిపి 724 మంచాలు. మొదటి రోగులు 1914 డిసెంబరులో దిగారు. బంగారు పూత డ్రాగన్లు, షాండిలియర్ల కింద వరుసగా ఇనుప మంచాలు వేసిన ఫొటో చూస్తే నాకు ముందు తట్టిన ప్రశ్న, అంత ఎత్తు గదిని శీతాకాలంలో ఎలా వెచ్చగా ఉంచారని. కులాన్నీ మతాన్నీ బట్టి తొమ్మిది వంటశాలలు పెట్టారు. హిందువులకు, ముస్లింలకు వేర్వేరు కుళాయిలు. నోటీసులు మూడు లిపుల్లో. సిక్కుల ప్రార్థనకు తోటలో ఒక డేరా. అత్తయ్య వెంటనే, "తొమ్మిదింటికీ గిన్నెలు ఎవరు తోమారో అడుగు అమ్మాయీ" అంది. అడిగాను. కులాలవారీగా మనుషులను ఇండియా నుంచే తెచ్చి పెట్టుకున్నారని గైడు జవాబు. గిన్నెల సంగతి ఆయన దగ్గర లేదు. "అసలు పని అదే కదా" అని ఆమె ఇంకో ఫొటో అందుకుంది.

ఇక ఈ నడక దేన్ని అమ్ముతుందో, నా తగువు ఎక్కడో చెప్పాలి. అమ్మేది ఊరి ప్రేమను. రైళ్లు వచ్చినప్పుడు జనం రోడ్ల మీద బారులు తీరారు. కానుకలు పంపారు. కోలుకుంటున్నవారిని మోటారు కార్లలో తిప్పారు. తలపాగా, సైనిక కోటుతో తోటలో కూర్చున్న సిపాయిని చూడడానికి జనం గోడలెక్కేవారు. ఇవన్నీ నిజాలే. మీర్ దస్త్ అనే జమాదారుకు (అప్పటి భారత సైన్యంలో ఒక అధికారి హోదా) 1915 ఆగస్టులో రాజు ఇదే పచ్చికలో విక్టోరియా క్రాస్ అనే అత్యున్నత శౌర్య పతకం గుచ్చాడు. ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర విషవాయువు మధ్య తన మనుషులను నిలబెట్టి, గాయపడిన అధికారులను మోసుకొచ్చిన వాడు ఆయన. అక్కడ నిలబడి ఆ కథ వినడం బాగుంటుంది, కాదనను.

ఆ తర్వాత గైడు, "జనం తాకిడి ఎక్కువై కంచె వేయాల్సి వచ్చింది" అని ఒక్క వాక్యంలో తేల్చి తదుపరి ఫొటో తీశారు. నేను చెయ్యి ఎత్తాను. కంచె బయటివారిని ఆపడానికా, లోపలివారిని ఆపడానికా?

ఆయన మంచి మనిషి. కాసేపు ఆలోచించి రెండూ అన్నారు. అడిగాక అన్నీ ఒకటొకటిగా బయటికి వచ్చాయి. ఒంటరిగా ఊళ్లోకి వెళ్లే స్వేచ్ఛ ఆ సైనికులకు లేదు. వెళితే గుంపుగా, కాపలాతో. అధికారుల బెంగంతా వీళ్లు ఊరి తెల్ల ఆడవాళ్లతో మాట కలుపుతారేమోనని. 1915లో ఒక పత్రిక, మంచం మీదున్న భారతీయ సైనికుడి పక్కన ఇంగ్లిషు నర్సు నిలబడ్డ ఫొటో వేసినందుకు పెద్ద గొడవైంది. ఆ తర్వాత భారతీయుల ఆస్పత్రుల నుంచి ఆడ నర్సులను తప్పించారు. రోగి పక్కన నర్సు నిలబడడం గొడవకు కారణం! ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు ఎవరో, ఆమెకు ఏ కారణం చెప్పి పంపించారో తెలుసుకోవాలనిపించింది. నా వృత్తి వాళ్లు ఎవరైనా ఈ నడకకు వెళితే ఇక్కడ రక్తం ఉడుకుతుందని ముందే హెచ్చరిస్తున్నాను.

అన్నిటికంటే కఠినమైన చోటు పెవిలియన్ కాదు, కిచనర్ ఆస్పత్రి. అది ఎల్మ్ గ్రోవ్ ఎత్తున ఉన్న పాత పేదల వసతి గృహం. అక్కడ కల్నల్ బ్రూస్ సీటన్ పాలనలో గోడల మీద ముళ్లతీగ, చుట్టూ కాపలా. సైనికులే కాదు, సిబ్బంది కూడా బయటికి వెళ్లడానికి లేదు. ఆ నిర్బంధం భరించలేక ఒక సబ్ అసిస్టెంట్ సర్జన్ కల్నల్‌ను కాల్చడానికి ప్రయత్నించి జైలుపాలయ్యాడు. ఇంత పెద్ద సంగతి ఈ యాత్రలో ఎక్కడ ఉంది? ఎక్కడా లేదు. అడిగితే దొరికింది. ఆ భవనం దగ్గర వ్యాను ఆగనైనా ఆగదు. మూడున్నరకు దిగడానికి సగం కారణం ఇదే.

దీన్ని ఎందుకు ఇంత పట్టుకుంటున్నానంటే, కంచె లేకపోతే మిగతా కథ అర్థం కాదు. గోడెక్కి చేతులు ఊపినవారి ఆప్యాయత అబద్ధమని నేను అనడం లేదు. ఆ ఆప్యాయత గోడ అవతల నుంచి చూపించడానికే అనుమతి ఉంది. యూనిఫాంను మెచ్చుకోవచ్చు, అందులోని మనిషిని టీకి పిలవకూడదు. 1916 మొదట్లో భారతీయ రోగులు వెళ్లిపోయాక అదే పెవిలియన్‌ను కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న బ్రిటిష్ సైనికులకు ఇచ్చారు, 1920 దాకా. కోలుకుంటున్న సైనికులకు అప్పట్లో నీలం సూటు, ఎర్ర టై ఇచ్చేవారు. ఆ దుస్తులను బట్టే ఇక్కడి వారు నడిపిన పత్రికకు 'పెవిలియన్ బ్లూస్' అని పేరు. వీధిలో నీలం సూటు కనిపిస్తే జనం పలకరించి సాయం చేసేవారు. చికిత్సలో ఉన్నవారికి మద్యం తాగించకూడదని చట్టం పెట్టాల్సి వచ్చిందంటే మర్యాదలు ఎంతవరకు వెళ్లాయో ఊహించుకోవచ్చు. అదే తోట, అదే గేటు. గైడు ఈ రెండు కథలనూ ఇరవై నిమిషాల తేడాతో చెప్పారు గానీ పక్కపక్కన పెట్టలేదు.

నడకలో నాకు బాగా నచ్చిన పక్కదారి తెల్ల ఈకలది. 1914 ఆగస్టు 30న ఇదే తీరంలోని ఫోక్‌స్టన్‌లో పెన్‌రోజ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే అడ్మిరల్ ముప్ఫై మంది ఆడవాళ్లను పోగుచేసి, మఫ్టీలో కనిపించిన యువకులకు పిరికివాడన్న గుర్తుగా తెల్ల ఈక ఇవ్వమన్నాడు. అది దేశమంతా పాకింది. సెలవు మీద ఇంటికొచ్చి యూనిఫాం విప్పిన సైనికులకు, గాయాలతో సైన్యం నుంచి పంపించేసినవారికి కూడా ఈకలు అందాయి. చివరికి 1916 సెప్టెంబరులో ప్రభుత్వం అలా విడుదలైనవారి కోసం వెండి బ్యాడ్జి జారీ చేసింది, కోటుకు పెట్టుకుని తిరగండి అని. గైడు తన జేబులోంచి అసలు బ్యాడ్జి ఒకటి తీసి అందరి చేతుల్లో పెట్టారు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, అంచున అక్షరాలు. యంత్రాలు, కాగితాలు మానేసి ఇలాంటివి నాలుగు చూపిస్తే ఈ యాత్రకు తిరుగుండదు.

ఆ కథ విన్నాక అత్తయ్య ఆగలేదు. 1971 డిసెంబరులో మామయ్య యూనిఫాంలో రైలెక్కితే కూర్చున్నవాళ్లు లేచి కిటికీ పక్క చోటిచ్చారట, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడు డబ్బు తీసుకోలేదట. మరుసటి ఏడాది అదే దారిలో, అదే యూనిఫాంలో వస్తే, "ఈ ట్రంకు పెట్టె ఇక్కడ పెట్టావేమిటయ్యా" అని బోగీలో అందరూ పోట్లాడారట. దీన్ని నేను ఇంగ్లిషులో చెబితే గుంపులోని ఒక పెద్దాయన పగలబడి నవ్వి, తన అన్నకూ అంతే జరిగిందన్నాడు. ఏ యుద్ధమో చెప్పలేదు.

పెవిలియన్ దక్షిణ ద్వారం దగ్గర పది నిమిషాలు ఆగుతారు. ఇక్కడ వైద్యం పొందిన సైనికుల జ్ఞాపకంగా భారతదేశం తరఫున కట్టించి ఇచ్చిన ద్వారం అది. 1921 అక్టోబరు 26న పటియాలా మహారాజు ప్రారంభించారు. చాలామంది దాని కింద నుంచి ఐస్‌క్రీము తింటూ నడిచిపోతారు. నేనూ ఇన్నేళ్లుగా అలాగే నడిచాను, చదివింది ఈ రోజే.

పాచమ్ కొండల మీది ఛత్రి అనే స్మారక మండపానికి వెళ్లే దారి గురించి సంస్థ వాళ్లు 'తేలికపాటి నడక' అని రాశారు. కాదు. దగ్గరి దాకా రోడ్డు లేదు, పచ్చిక మీద ఎక్కుడు, మధ్యలో తెరిచి మూయాల్సిన గేట్లు, గాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకెళ్లేవారు ముందే ఆలోచించుకోండి. అత్తయ్య రెండు చోట్ల కూర్చుని, రెండు చోట్లా నన్ను తిట్టి, పైకి మాత్రం వచ్చింది. చక్రాల కుర్చీకి ఈ భాగం వీలు కాదు. వారికి డబ్బు తగ్గిస్తారేమో బుక్ చేసేముందే అడగండి.

ఆ ఎక్కుడుకు ఫలితం ఉంది. బ్రైటన్ ఆస్పత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన చోట ఎనిమిది స్తంభాల పాలరాతి మండపం. ముస్లింలను వోకింగ్‌లోని మసీదు దగ్గర ఖననం చేశారు. దీన్ని గీసింది ఇ.సి. హెన్రిక్స్ అనే భారతీయ వాస్తుశిల్పి. 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో ఈ నేలను సైనిక శిక్షణకు తీసుకుంటే, తుపాకులు పేల్చడం నేర్చుకుంటున్నవారి గుళ్లు దీనికే తగిలాయి, తర్వాత బాగుచేయించారు. సైనికుల స్మారకానికి సైనికుల తూటాలే! గైడు ఇది చెబుతూ నవ్వలేదు, నేను నవ్వాను. చనిపోయినవారి పేర్లు రాతి మీద చెక్కిన గోడ 2010లో మాత్రమే వచ్చింది. అత్తయ్య ఆ పేర్లు చదివించుకుంది, ఎవరిది ఏ ఊరై ఉంటుందో తనే ఊహిస్తూ. ఇక్కడ ఇచ్చిన సమయం సరిపోతుంది, తొందరపెట్టరు. ఏటా జూన్‌లో ఒక ఆదివారం స్మారక సభ జరుగుతుంది. ఆ రోజు ఈ సంస్థ నడక ఉండదు.

ఇతర సూచనలు: ఉదయం బ్యాచ్ తీసుకోండి, మధ్యాహ్నం పెవిలియన్ నిండిపోతుంది. నీళ్లు, గాలి ఆపే కోటు తప్పనిసరి. కొండ మీద మరుగుదొడ్డి లేదు. పిల్లలు పదేళ్ల లోపువారైతే విసిగిపోతారు. చెవి యంత్రం వద్దని చెప్పి గైడు పక్కనే నడవండి, ఆయనకు అభ్యంతరం లేదు. ప్రశ్నలు అడిగితే ఇష్టపడే మనిషి, కాబట్టి మొహమాటపడకండి.

కిచనర్ ఆస్పత్రి దగ్గర వ్యాను ఆపమని సంస్థకు రాశాను. మార్గం మార్చే ముందు ఆలోచిస్తామని జవాబు వచ్చింది. ఈలోగా వెళ్లేవారు నడక ముగిశాక ఎల్మ్ గ్రోవ్ ఎక్కే బస్సు పట్టుకుని మీరే చూసి రండి. ఇప్పుడది బ్రైటన్ జనరల్ ఆస్పత్రి. ఆరోగ్య సేవలు నడిచే ప్రాంగణం కాబట్టి లోపలికి వెళ్లి సిబ్బందికి అడ్డం పడకండి, బయటి నుంచి చూసినా సరిపోతుంది.