మన రన్‌వేలకు ఏది మేలు: ఐఎల్ఎస్సా, గగనా, జీబాసా?

బెంగళూరు కుందలహళ్లి గేటు దగ్గర మేం రోజూ తినే మెస్సులో మొన్న ఒక తమ్ముడు ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటూ అడిగాడు. "అన్నా, గగన్ అని జీపీఎస్ తప్పులు సరిదిద్ది విమానాలకు దారి చూపే మనకో సొంత సిస్టమ్ ఉందంటారు, దాని కంట్రోల్ సెంటర్ కూడా ఇక్కడే కుందలహళ్లిలోనే ఉందంట. మరి డిసెంబరు వస్తే చాలు, పొగమంచుకు ఫ్లైట్లు లేటెందుకు? రన్‌వే పక్కన నిలబడి రేడియోతో విమానాన్ని దించే ఆ ఐఎల్ఎస్సులన్నీ పీకేసి గగన్ పెట్టేయొచ్చుగా?" అప్పటికి రెండు ముక్కల్లో ఏదో చెప్పాను గానీ, ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు పొగమంచు సంగతి. బెంగళూరులో ఇంకా క్యాట్-3, అంటే దట్టమైన పొగమంచులోనూ దించగల ఐఎల్ఎస్ స్థాయి, లేని రోజుల్లో, సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొస్తుంటే మా ఫ్లైట్ దేవనహళ్లి పైన ముప్పావుగంట చక్కర్లు కొట్టి చివరికి చెన్నైలో దిగింది. కిటికీలోంచి చూస్తే పైన ఎండ బాగా కాస్తోంది, కింద దూది పరిచినట్టు తెల్లగా ఉంది, రన్‌వే ఆ దూది కింద ఎక్కడో ఉంది. అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకున్న పక్క సీటు పెద్దావిడ "ఇంత ఎండ కాస్తుంటే దిగడానికేం నాయనా?" అనడిగింది. ఆవిడకు ఆరోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. విమానం అక్కడిదాకా రాగలదు. చివరి 200 అడుగుల్లో పైలట్‌కు రన్‌వే కనబడాలి, కనబడకపోతే మళ్లీ పైకి లేచిపోవాలి. మామూలు క్యాట్-1 ఐఎల్ఎస్ లెక్క అది, రన్‌వే మీద 550 మీటర్ల దూరం కనబడాలి. 2020 డిసెంబరు చివర్లో బెంగళూరు దక్షిణ రన్‌వేకు క్యాట్-3బి వచ్చాక 50 మీటర్లు కనబడినా దిగొచ్చు. ఆ పని చేసేది ఐఎల్ఎస్సే. గగన్ సాయంతో ఏటవాలుగా దిగే ఎల్‌పీవీ అనే అప్రోచ్‌లో దిగాలా వద్దా తేల్చుకోవాల్సిన ఎత్తు సుమారు 250 అడుగులు. అంటే దట్టమైన పొగమంచు విషయంలో గగన్ ఐఎల్ఎస్‌కు పోటీయే కాదు, తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మరి గగన్ దేనికి? ఐఎల్ఎస్ ఖరీదైన వ్యవహారం. రన్‌వే చివర పక్కకు జరగకుండా చూసే యాంటెనాల వరస, దిగే చోటు పక్కన ఏటవాలు చూపించే టవరు, ముందు చదునైన నేల, ఏడాది పొడవునా మెయింటెనెన్స్, పైనుంచి విమానంతో పరీక్షలు కావాలి. పైగా రెండు వైపుల నుంచీ దిగాలంటే రెండు సెట్లు. రోజుకు నాలుగైదు ఏటీఆర్‌లు (చిన్న ప్రొపెల్లర్ విమానాలు) వచ్చే చిన్న ఊరికి ఇదంతా మోయలేని బరువు. గగన్‌కైతే ఆ ఊళ్లో ఒక్క యాంటెనా కూడా పెట్టక్కర్లేదు. జమ్ము నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాకా ఉన్న 15 రిఫరెన్స్ స్టేషన్లు జీపీఎస్ ఎంత తప్పు చూపిస్తోందో కొలుస్తుంటాయి, కుందలహళ్లి ఆ తప్పును లెక్కకట్టి జీశాట్ ఉపగ్రహాలకు పంపుతుంది, అక్కడి నుంచి సవరణ దేశమంతా పడుతుంది. ఏ ఉపగ్రహాన్నైనా నమ్మకూడదంటే 6 సెకన్లలో ఆ హెచ్చరిక కాక్‌పిట్‌కు చేరాలి, అసలు విలువ అక్కడుంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన ఈ వ్యవస్థకు ఏటవాలుగా దించే అప్రోచ్‌లకు అనుమతి 2015 ఏప్రిల్‌లో వచ్చింది, 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్ కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ దాని మీద దిగింది. అనుమతికీ ఆ ల్యాండింగ్‌కూ మధ్య ఏడేళ్లు! ఆకాశం నుంచి సవరణ ఉచితంగా పడుతున్నా, పట్టుకునే రిసీవర్ విమానంలో లేకపోతే ఏం లాభం? నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక జీబాస్. ఎయిర్‌పోర్టులోనే మూడు నాలుగు రిసీవర్లు పెట్టి, సవరణను వీహెచ్ఎఫ్ రేడియోలో చుట్టుపక్కల విమానాలకు పంపడం. ఒక్క స్టేషన్ అన్ని రన్‌వేలకూ, రెండు వైపులా సరిపోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2014 నుంచి నడుస్తోంది. పెద్ద ఎయిర్‌పోర్టుకు ఇది అన్నిటికంటే అందమైన పరిష్కారమని నేనూ చాలాకాలం అనుకున్నాను. మన ఆకాశం గురించి చదివాక మనసు మార్చుకున్నాను.

జీపీఎస్ సిగ్నల్ అయనోస్ఫియర్ అనే విద్యుత్ పొరలోంచి వస్తూ ఆలస్యమవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన దేశం మీద ఆ పొర మధ్యాహ్నం బాగా దట్టమవుతుంది, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏడాదుల్లో ఒక్క ఆ ఆలస్యమే 15 మీటర్లు దాటే తప్పు తెస్తుంది. సూర్యుడు అస్తమించాక మరీ ఇబ్బంది, పొరలో బుడగల్లాంటి ఖాళీలు లేస్తాయి, వాటి అంచుల దగ్గర పదిహేను ఇరవై కిలోమీటర్ల తేడాలోనే ఆలస్యం మారిపోతుంది. జీబాస్ నమ్మకమంతా "నా స్టేషన్ పైన ఉన్న ఆకాశమే, దిగుతున్న విమానం పైనా ఉంది" అన్నదాని మీదే. అమెరికాలో 2003 నవంబరు 20 సౌర తుపానులో ఈ తప్పులో కిలోమీటరు దూరానికి సుమారు 41 సెంటీమీటర్ల తేడా కొలిచారు, అక్కడి భద్రతా లెక్కలకు అదే గరిష్ఠం అయింది. బ్రెజిల్ మీద ఆ లెక్కకు రెట్టింపు తేడాలు కనబడ్డాయి, రియో ఎయిర్‌పోర్టులో పెట్టిన స్టేషన్‌కు అనుమతి ఆగిపోవడానికి ఇదే కారణం. మనదీ అలాంటి ఆకాశమే. కాబట్టి పెద్ద ఎయిర్‌పోర్టుకు ఒక్కో జీబాస్ అన్న ఆలోచన నాకిప్పుడు నచ్చట్లేదు.

గగన్‌కూ ఈ బాధ ఉంది, అందుకే దాని కోసం ఇస్రో మన అయనోస్ఫియర్‌కు సొంత మోడల్ తయారుచేసింది. కానీ గగన్‌కు బయటపడే దారి కూడా ఉంది, రెండో ఫ్రీక్వెన్సీ. ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీల సిగ్నళ్లు ఆ పొరలో వేర్వేరుగా ఆలస్యమవుతాయి, రెండిటినీ పోల్చితే విమానమే తప్పును తనంతట తాను తీసేసుకుంటుంది. నేల మీద స్టేషన్లు అంచనా వేసి పంపక్కర్లేదు. బుడగల వల్ల సిగ్నల్ మిణుకుమిణుకుమనే సమస్య దీనితో పోదు, ఎల్5 ఇంకా ఎక్కువగానే తడబడుతుంది. అయితే యూరప్ వాళ్ల గెలీలియో లాంటి వేరే ఉపగ్రహాలూ లెక్కలోకి వస్తే నాలుగు తడబడినా ఇంకా చాలినన్ని మిగులుతాయి. జీపీఎస్ లాంటి మన సొంత ఉపగ్రహాల వ్యవస్థ నావిక్ ఎల్5లో పనిచేస్తుంది, 2023లో వెళ్లిన ఎన్‌వీఎస్-01 నుంచి ఎల్1 కూడా చేర్చారు. కానీ 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది, పాతవాటిలో పరమాణు గడియారాలు పాడయ్యాయి. ఆ వార్త చదివిన రోజు నిజంగా దిగులేసింది.

ఐఎల్ఎస్ పీకేయకూడదనడానికి ఇంకో కారణం జామింగ్, అంటే సిగ్నల్‌ను కావాలని అడ్డుకోవడం. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. 2012లో అమెరికాలో నెవార్క్ ఎయిర్‌పోర్టు జీబాస్‌ను తికమకపెట్టింది ఒక ట్రక్కు డ్రైవరు జీపీఎస్ జామర్, యజమానికి తన జాడ తెలియకూడదని పెట్టుకున్నాడు. మన దగ్గర 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా జీపీఎస్‌ను అడ్డుకున్న, ఏమార్చిన 465 ఘటనలు, ఎక్కువగా అమృత్‌సర్, జమ్ము వైపు జరిగాయని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఆ సమయంలో గగనూ జీబాసూ రెండూ గుడ్డివే. రన్‌వే పక్కన నిలబడి గట్టిగా పలికే ఐఎల్ఎస్‌ను మాత్రం ఈ జీపీఎస్ జామర్లు తాకవు.

అందుకని తమ్ముడూ, నా మాట ఇది. పొగమంచు, రద్దీ ఉన్న బెంగళూరు, ఢిల్లీలకు ఐఎల్ఎస్ ఉండాల్సిందే. చిన్న ఊళ్ల రన్‌వేలకు గగన్. జీబాస్ మన ఆకాశాన్ని తట్టుకుంటుందని తేలేదాకా ఆగొచ్చు. డబ్బు పెట్టాల్సిన చోట్లు రెండే: విమానాల్లో రిసీవర్లు, రెండో ఫ్రీక్వెన్సీ మోసే కొత్త ఉపగ్రహాలు. ఆ రెండోది ఆలస్యం చేసే వీల్లేదు. గగన్ పేలోడ్ మోస్తున్న జీశాట్-8 వెళ్లింది 2011లో, దానికి అనుకున్న ఆయుష్షు 12 ఏళ్లు.