డ్రిఫ్టింగ్‌కు టయోటా 86: ఉన్నది ఉన్నట్టు ఉంచడం మేలా, టర్బో బిగించడం మేలా?

మిర్యాలగూడ నుంచి వెళ్లి డల్లాస్‌లో స్థిరపడిన మా మేనల్లుడు 2017 మోడల్ టయోటా 86 కారును పాతదానిగా కొన్నాడు. సెలవు రోజుల్లో ట్రాక్ మీదికి తీసుకెళ్లి సరదాగా డ్రిఫ్టింగ్ (వెనక చక్రాలను కావాలనే జార్చి కారును పక్కవాటుగా నడపడం) చేయాలన్నది అతని కోరిక. "మామా, టర్బో పెట్టియ్యాల్నా, ఉన్నది ఉన్నట్టే ఉంచాల్నా?" అని ఫోనులో అడిగినప్పుడు తొందరపడకుండా రెండింటినీ తూచి చూశాను. టర్బో అంటే ఇంజనులోకి ఎక్కువ గాలిని నెట్టి శక్తిని పెంచే పరికరం.

ఇందులోని 1998 సీసీ ఇంజను శక్తి సుమారు 200 హార్స్‌పవర్. కారు బరువు సుమారు 1,250 కిలోలు. ఆ శక్తి చాలదనే మాట తరచుగా వినిపిస్తుంది. అయితే టైరుకు ఎంత పట్టు ఉంటే దాన్ని జార్చడానికి అంత శక్తి కావాలి. ఈ లెక్క తెలిసే 2012లో ఈ కారును తెచ్చినప్పుడు టయోటా సంస్థ ఇంధన పొదుపుకు పేరున్న తన ప్రియస్ కారుకు వాడిన, పట్టు తక్కువగా ఉండే రకం మిషెలిన్ టైర్లనే, 215 మిల్లీమీటర్ల వెడల్పుతో దీనికీ అమర్చింది. టర్బో పెట్టినవారు పెరిగిన శక్తిని అదుపు చేయడానికి వెడల్పాటి టైర్లు వేస్తారు, దానితో పట్టు పెరిగి కారును జార్చడానికి మరింత వేగం అవసరమవుతుంది. నేర్చుకునేవాడు తక్కువ వేగంలో తప్పు చేస్తే కారు గిర్రున తిరిగి ఆగుతుంది. ఎక్కువ వేగంలో అదే తప్పు గోడ దాకా తీసుకుపోతుంది.

పైగా ఈ ఇంజను కంప్రెషన్ రేషియో, అంటే సిలిండరులో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క, 12.5. అంత బిగువైన ఇంజనులోకి టర్బో మరింత గాలిని నెట్టినప్పుడు ట్యూనింగ్ ఏమాత్రం తేడా వచ్చినా నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే మండడం) మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి. డ్రిఫ్టింగ్‌లో కారు పక్కవాటుగా పోతుంది కాబట్టి రేడియేటరుకు ఎదురుగాలి సరిగా తగలక ఇంజను వేడెక్కుతుంది. అందుచేత డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ముందుగా ఇంజను ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్‌కు పెట్టడమే మేలు.

డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) సంగతి మాత్రం కాస్త లోతుగా చూడవలసినది. సాగర్ ఎడమ కాలువ కింద దమ్ము చేసే ట్రాక్టరును గమనించినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక చక్రం బురదలో దిగబడి ఉన్నచోటే తిరుగుతూ, రెండోది కదలకుండా నిలిచిపోయినప్పుడు డ్రైవరు మడమతో చిన్న పెడల్ తొక్కి డిఫరెన్షియల్‌ను లాక్ చేస్తాడు. రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి గట్టెక్కుతుంది. డ్రిఫ్టింగ్‌లోనూ వెనక చక్రాలు రెండూ కలిసి జారాలి. అందుకే కొందరు డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేయిస్తారు. అది చవకే కానీ, మామూలు రోడ్డు మీద ప్రతి మలుపులోనూ టైర్లు ఈడ్చుకుపోయి అరుగుతాయి, యాక్సిళ్ల మీద ఒత్తిడి పడుతుంది. ఈ కారుకు కంపెనీయే టోర్సెన్ డిఫరెన్షియల్ ఇచ్చింది, అది పట్టు ఎక్కువున్న చక్రానికి ఎక్కువ శక్తిని పంపే రకం. ఒక చక్రం నేల విడిచి తేలిపోతే టోర్సెన్ పనితీరు తగ్గుతుందన్న మాట నిజమే అయినా, నేర్చుకునే దశకు అది బాగా సరిపోతుంది. చేయి తిరిగాక, క్లచ్ పలకలతో రెండు చక్రాలనూ గట్టిగా కలిపే క్లచ్ రకం డిఫరెన్షియల్ వేయించుకోవచ్చు.

వెనక చక్రాలను ఒక్కసారిగా ఆపడానికి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ కూడా ఇప్పుడు అక్కరలేదు. కేబుల్‌తో పనిచేసే లీవర్ ఎలాగూ ఉంది. మంచి బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్, ఒంటిని పట్టి ఉంచే సీటు, వెనక్కి రెండు జతల చవక టైర్లు ఉంటే చాలు.

నల్లగొండలోనో పాలమూరులోనో ఇలాంటి ఆలోచన ఉన్నవారికి ఇంకో కారణం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మా వాడికి ఆ చిక్కు లేకపోయినా, ఈ ఏడాదికి టర్బో వద్దనే చెప్పాను. నీళ్లు చల్లిన కాంక్రీటు నేల మీద, రెండో గేరులో, ఒకే కోన్ చుట్టూ తిరగడంతో మొదలుపెట్టమన్నాను.